చట్నీ పద్దు

టిఫిన్ సెంటర్ పెట్టేవాడు రెండు రకాల డబ్బు సిద్ధం చేసుకోవాలి. ఒకటి ఒక్కసారి పెడితే అయిపోయేది: షాపు అడ్వాన్సు, గ్రైండరు, పెనం, ఇడ్లీ పాత్రలు, స్టీలు టేబుళ్లు, బోర్డు. రెండోది రోజూ తెల్లవారేసరికి మళ్లీ చేతిలో ఉండాల్సింది: మినపగుళ్లు, రవ్వ, పల్లీలు, నూనె, గ్యాసు, జీతాలు. కొత్త యజమాని మొదటిదాన్నే వ్యాపారం అనుకుంటాడు. బోర్డుకు రంగురంగుల లైట్లు పెట్టించి, ప్రారంభోత్సవానికి వచ్చిన వాళ్లందరికీ ఉప్మా పెసరట్టు ఉచితంగా పెట్టి, నాలుగో రోజు పొద్దున్నే కిరాణా కొట్టు ముందు నిలబడి "సామాను కట్టండి, డబ్బులు రేపిస్తా" అంటాడు. కొట్టాయన కూడా ఆ పెసరట్టు తిన్నవాడే కాబట్టి మొదటిసారి కాదనలేడు.

షాపు తెరిచే ముందే కనీసం మూడు నెలల అద్దె, జీతాలు, సామాను డబ్బు విడిగా పక్కన పెట్టాలని ఈ వ్యాపారంలో తలపండిన వాళ్లు చెబుతారు. వీధి జనం కొత్త ఇడ్లీకి అలవాటు పడడానికి ఆ మాత్రం టైము పడుతుంది. ఆ సొమ్ములోంచి ఏసీ కొనకూడదు.

తర్వాత నేర్చుకోవాల్సింది ఖర్చుల స్వభావం. కొన్ని ఖర్చులు షట్టరు ఎత్తినా ఎత్తకపోయినా నడుస్తాయి. కొన్ని పొయ్యి వెలిగిస్తేనే పుడతాయి. ఒక మోస్తరు పట్టణంలో ఓ చిన్న టిఫిన్ సెంటర్ ఉందనుకుందాం. అద్దె నెలకు 18,000. మాస్టరుకు 25,000. ఇద్దరు హెల్పర్లకు 24,000. గిన్నెలు కడిగే ఆమెకు 8,000. కరెంటు, నీళ్లు 5,000. మొత్తం 80,000. వానొచ్చి ఒక్క మనిషి రాకపోయినా ఇందులో రూపాయి తగ్గదు. ఇక ప్లేటు సంగతి. ధర 40 రూపాయలు, అందులో సామాను, గ్యాసు కలిపి 20 అనుకుంటే, ప్లేటుకు మిగిలేది 20. ఆ లెక్కన నెలకు 4,000 ప్లేట్లు అమ్మితే 80,000 పూడుతుంది. నెలకు 26 రోజులు షాపు తెరిస్తే రోజుకు 154 ప్లేట్లు. అక్కడికి లాభమూ లేదు, నష్టమూ లేదు, యజమానికి నిద్రా లేదు.

ఈ లెక్కలో ఒక మనిషి జీతం రాయలేదు. తెల్లవారుజామున మూడున్నరకు లేచి, పాలవాడితో పోట్లాడి, గల్లా దగ్గర కూర్చుని, సర్వర్ రాని రోజు బకెట్టు పట్టుకుని తిరిగే ఆ మనిషి యజమానే. తనకు తాను జీతం ఇచ్చుకోవడమేమిటని మొహమాటపడతాడు. జీతం రాసుకోని యజమాని ఎవరికీ చెప్పకుండా గల్లాలోంచి తీసుకుంటూ ఉంటాడు, చివరికి జీతంకంటే ఎక్కువే తీసుకుంటాడు. కాబట్టి అతని పేరున 20,000 రాయాలి. అప్పుడు నెల ఖర్చు లక్ష అవుతుంది, నెలకు 5,000 ప్లేట్లు, రోజుకు 193 అమ్మాలి.

అసలు సమస్య చట్నీ దగ్గర వస్తుంది. తెలుగువాడు ఇడ్లీని చట్నీ తినడానికి ఆధారంగా వాడతాడు. ప్లేటులో మొదట వేసిన పల్లీ చట్నీ మొదటి ఇడ్లీ సగమయ్యేసరికి అయిపోతుంది. తలెత్తకుండానే "చట్నీ" అంటాడు. సర్వర్ బకెట్టుతో వస్తాడు, గరిటెడు వేస్తాడు. రెండో ఇడ్లీ మధ్యలో మళ్లీ పిలుపు. ఇడ్లీ అయిపోయాక మిగిలిన చట్నీని ఏం చేయాలో తోచక ఇంకో ఇడ్లీ చెబితే యజమాని అదృష్టం. చాలామంది వేలితో నాకి చేయి కడుక్కుంటారు. పార్సిల్ కట్టించుకునేవాడు మరీ ప్రమాదం. రెండు ఇడ్లీలకు రెండు చట్నీ పొట్లాలు, ఒక అల్లం చట్నీ, ఒక సాంబారు, వీలైతే కాస్త కారప్పొడి, "పిల్లలున్నారండీ" అని మరో పొట్లం.

ఈ అదనపు చట్నీ ప్లేటుకు రెండు రూపాయలే అనుకుందాం. రెండు రూపాయలకు ఎవరూ భయపడరు. కానీ ప్లేటుకు మిగిలేది 20 నుంచి 18కి దిగిందంటే, అదే లక్ష పూడడానికి రోజుకు 214 ప్లేట్లు అమ్మాలి. అంటే చట్నీ ధర కింద రోజూ ఇంకో 21 మందిని కొత్తగా వెతికి తేవాలి. వాళ్లూ చట్నీ అడుగుతారు.

అందుకే చట్నీకి వేరే పద్దు ఉండాలి. పొద్దున ఎన్ని కిలోల పల్లీలు వేయించారు, ఎన్ని ప్లేట్లు తెగాయి అని రాసుకుంటే వారం తిరిగేసరికి ప్లేటుకు ఎంత పోతోందో తేలుతుంది. కొందరు గరిటె సైజు తగ్గిస్తారు. ఇంకొందరు బకెట్టు సర్వర్ చేతి నుంచి తీసేసి కౌంటరు దగ్గర పెడతారు. లేచి వెళ్లి చట్నీ వేయించుకోవాలంటే సగం మంది బద్ధకిస్తారు. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో మానవ స్వభావం ఇంత లాభదాయకంగా పనిచేసే చోటు మరొకటి లేదు. నీళ్లు కలిపి పలచన చేసే మూడో పద్ధతి లెక్కలో బాగుంటుంది, వీధిలో బాగుండదు.

ఇక గల్లాపెట్టె. అది షాపుదనీ, జేబు తనదనీ గుర్తుపెట్టుకోవడం ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన పాఠం. గల్లాలోంచి పొద్దున పాల డబ్బు, మధ్యాహ్నం ఫోను రీచార్జి, సాయంత్రం బావమరిదికి ఐదు వందలు వెళ్తాయి. జూన్‌లో పిల్లల స్కూలు ఫీజు వచ్చి గల్లాను అడుగు దాకా ఊడ్చేస్తుంది. ఇవేవీ తప్పు కాదు, 'సొంత వాడకం' అని రాస్తే చాలు. చిట్టా ఆవర్జాలు రాసిన పాతకాలపు గుమస్తాలు యజమానిని కూడా షాపుకు బాకీపడ్డ ఒక ఖాతాదారుగానే చూసేవారు. 2016లో యూపీఐ వచ్చాక గల్లాపెట్టె సగం ఫోనులోకి మారింది, తికమక రెట్టింపైంది. ఇడ్లీ డబ్బూ, మేనకోడలి పెళ్లికి చుట్టాలు పంపిన కట్నమూ ఒకే ఖాతాలో పడితే నెలాఖరున షాపు బ్రహ్మాండంగా నడిచినట్టు కనిపిస్తుంది. షాపుకు విడిగా బ్యాంకులో కరెంట్ అకౌంటు తెరిస్తే ఈ భ్రమ పోతుంది. ఇంకో చిక్కు ఉంది. "నలభై రూపాయలు అందాయి" అని స్పీకరు పెట్టె రోజంతా వీధి మొత్తానికీ వినిపిస్తుంది. ఖర్చు పెట్టినప్పుడు అది నోరు మెదపదు. ఫలితంగా వీధిలో అందరూ యజమాని కోటీశ్వరుడనుకుంటారు, వారం పది రోజులకు యజమానీ నమ్మేస్తాడు.

అరువు మరో పద్దు. ఒకప్పుడు ఊళ్లలో గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాస్తే దయ్యం చదువుకుని వెళ్లిపోయేదట. షాపుల్లో 'అప్పు రేపు' అని రాసినా మనుషులు వెళ్లరు. చదివి నవ్వి, "రాసుకోండి" అంటారు. రాసుకోవాలి కూడా, ఎందుకంటే నెలనెలా జీతం వచ్చే ఖాతాదారుడికి అరువివ్వకపోతే ఎదురు షాపుకు పోతాడు. రాసిన మొత్తాన్ని మాత్రం ఆదాయంలో కలపకూడదు. చేతికొచ్చిన రోజునే అది ఆదాయం. అంతదాకా అది ఒక పరిచయం.

ఏడాది పొడవునా రోజుకు 193 ప్లేట్లు పోవు. హైదరాబాద్‌లో షాపయితే సంక్రాంతికి ఊరు ఊరంతా బస్సెక్కి ఆంధ్రకు వెళ్లిపోతుంది, వెనకాలే మాస్టరూ వెళ్లిపోతాడు. కార్తీక సోమవారాల్లో చాలామంది ఉపవాసం. మూఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి క్యాటరింగ్ ఆర్డర్లూ ఉండవు. వేసవిలో పిండి మధ్యాహ్నానికే పులిసిపోతుంది, చలికాలంలో పొద్దుటికి కూడా పొంగదు. అందుకని నెలవారీ పట్టిక వేసి, బాగా నడిచే నెలల మిగులును సన్నగిల్లే నెలలకు ముందే రాసిపెట్టాలి. తెలుగువాడికి ఇలాంటి పట్టిక కొత్తేమీ కాదు. ఉగాది పంచాంగంలో రాశికొక ఆదాయం, వ్యయం ఇస్తారు. ఆదాయం 5, వ్యయం 14 అని విని కూడా శ్రోత నిశ్చింతగా ఉగాది పచ్చడి తిని ఇంటికి వెళ్తాడు. టిఫిన్ సెంటర్ అంకెలకు పరిహార పూజ లేదు.

బడ్జెట్ వేసినవాడికి తన డబ్బు నిలవాలని నియమమూ లేదు. భారతదేశానికి 1860లో మొదటి బడ్జెట్ సమర్పించిన జేమ్స్ విల్సన్ అంతకుముందు టోపీల వ్యాపారి. నీలిమందు ధరల మీద పందెం కాసి ఆస్తి పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత పత్రిక పెట్టి, పార్లమెంటుకెళ్లి, ఇక్కడికొచ్చి ఆదాయపు పన్ను వేసి, అదే ఏడాది ఆగస్టులో కలకత్తాలో పోయాడు. మొదటి వృత్తి టోపీలన్న వివరానికి వ్యాఖ్యానం అనవసరం.

అప్పులో అసలు ధర కనుక్కోవడం నేర్చుకోవాలి. డైలీ ఫైనాన్స్ ఆయన పది వేల అప్పు రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటాడు. నూటికి పదేగా అనిపిస్తుంది. కానీ తొలిరోజు నుంచే అసలు కరుగుతూ పోతుంది. సగటున చేతిలో ఉండేది నాలుగున్నర వేలు. దానికి వంద రోజుల్లో వెయ్యి వడ్డీ అంటే ఏడాదికి నూటికి 80 పైనే. దానికన్నా వీధిలో దొరికే రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం, పుణ్యకార్యంలా కనిపిస్తుంది. చీటీ చివర్లో ఎత్తితే పొదుపు, రెండో నెలలోనే పాట పాడి ఎత్తితే అప్పు. బ్యాంకులో 2015 నుంచి ముద్ర రుణాలున్నాయి: 50,000 వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్. 2024లో 20 లక్షల తరుణ్ ప్లస్ కూడా చేరింది. వృద్ధుల పేరుతో ఇంకా ఏదీ రాలేదు. వాయిదాలన్నీ తీరేసరికి యజమానే ఆ పేరుకు అర్హుడవుతాడు.

రోజుకు 193 ప్లేట్లంటే ఏడాది అమ్మకం 24 లక్షలు దాటుతుంది. 20 లక్షలు దాటాక జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, హోటలుకు పన్ను 5 శాతం. ధర పెంచకుండా ఆ 40లోంచే కడితే ప్లేటుకు దాదాపు రెండు రూపాయలు పోతుంది. అంటే ప్రభుత్వం కూడా సరిగ్గా ఒక అదనపు చట్నీ అడుగుతోంది. రెండు చట్నీలూ ఇచ్చుకుంటే మిగిలేది 16. రోజుకు 241 ప్లేట్లు అమ్మాలి, కుర్చీలు సరిపోవు. ధర 45 చేయాల్సిందే. కానీ ఎదురు షాపువాడు పెంచేదాకా ఇతను పెంచడు, ఇతను పెంచేదాకా అతను పెంచడు. ఈ లోగా రెండు షాపుల్లోనూ ఇడ్లీ చిక్కిపోతుంది.

నెలాఖరున అంచనా ఒక పక్క, అయిన ఖర్చు మరో పక్క రాసి పోల్చాలి. పల్లీలు, గ్యాసు దాదాపు సరిపోతాయి. తేడా అంతా అట్టడుగున 'ఇతరములు' అనే గడిలో ఉంటుంది. అది గ్యాసు ఖర్చును మించితే ఆ గడిని విప్పి ఒక్కొక్క దానికీ పేరు పెట్టాలి: వినాయక చవితి చందా, మూడు వేర్వేరు వీధుల పందిళ్లకు, డబ్బు అడగకూడని వాళ్ల టిఫిన్లు, మాస్టరు అడ్వాన్సు, పగిలిన గ్లాసులు, మాస్టరు రెండో అడ్వాన్సు. వచ్చే నెల అంచనాలో ఇవన్నీ విడివిడిగా ఎక్కుతాయి, మాస్టరు మూడో అడ్వాన్సుతో సహా.