చి. బా. 50 (ఫస్టు): టీకా తాత్పర్య సహితం

మూలం

పా. 1½. కి. లే.
చి. బా. 50 (ఫస్టు).
రామా. – కరెం. పో.
వా. లే.

(14 జూన్ 1987, ఆదివారం)

అవతారిక

మూలకర్త మా నాన్నగారు. గ్రంథం, ఆ ఏడాది బీమా ఏజెంటు ఇంటికొచ్చి ఇచ్చి వెళ్ళిన డైరీ. రెక్సిన్ అట్ట, మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు, పైన శ్రీకారం. రచనా స్థలం ఖమ్మం. రచనా కాలం రాత్రి భోజనాలయ్యాక, పడక వెయ్యబోయే ముందు. ఉపకరణం రీఫిల్ అయిపోవచ్చిన బాల్‌పెన్ను. అందుకే ‘కరెం.’ దగ్గర సిరా పడలేదు, నొక్కుడు మాత్రం పడింది. పేజీని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చదువుకోవాలి.

టీకలు రాసినవాళ్ళలో కొలాచలం మల్లినాథసూరి మనవాడు. రఘువంశం నుంచి నైషధం దాకా పంచ మహాకావ్యాలకూ వ్యాఖ్యానం చెప్పినవాడు. ఆధారం లేనిదేదీ రాయననీ, అక్కర్లేనిదేదీ చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ మొదటి ఒట్టు నేనూ పెట్టుకుంటున్నాను. రెండోదానికి కట్టుబడితే ఈ పని మొదలే పెట్టకూడదు.

ఈ మూలానికి పూర్వ వ్యాఖ్యానాలు రెండున్నాయి, రెండూ నోటి మాటలే. ఒకటి మా అమ్మది. రెండోది మా చిన్నత్తయ్యది, అంటే నాన్నగారి చెల్లెలిది. ఇద్దరూ మూలకర్తను ప్రత్యక్షంగా ఎరిగినవాళ్ళే కాబట్టి ఎవరి మాటా తీసిపారెయ్యడానికి లేదు. ఇద్దరి మాటా ఒక్కచోట కుదరదు.

శైలి సూత్రశైలి. సూత్రానికి అక్షరాలు తక్కువ ఉండాలి, సందేహం ఉండకూడదు అని పెద్దల మాట. నాన్నగారు మొదటి షరతు ఒక్కటే పాటించారు.

ప్రతిపదార్థం

పా. = పాలు; 1½ = ఒకటిన్నర లీటర్లు (పోయించుకొంటిమి అని అధ్యాహారం); కి. = కిరసనాయిలు; లే. = లేదు, అనగా కోటా దుకాణమున అడిగినను దొరకలేదు; చి. బా. = (దీని మీద గొడవ ఉంది, కింద చూడండి); 50 = ఏభై రూపాయలు; ఫస్టు = (దీని మీద ఇంకా పెద్ద గొడవ ఉంది); రామా. = రామాయణము, అనగా టీవీలో వచ్చునది; కరెం. = కరెంటు; పో. = పోయెను; వా. = వాన; లే. = ముందు చెప్పినట్టే.

‘కి. లే.’ విచారం

ఇక్కడ చిన్నత్తయ్య పాఠాంతరం చెబుతుంది. ‘కి.’ అంటే కిళ్ళీ అట. జనవరి ఒకటో తారీఖున కిళ్ళీ మానేస్తానని మా అన్నయ్య ఒట్టు వేశాడు, మానేసిన రోజున ‘కి. లే.’ అని గర్వంగా రాసుకునేవాడు అంటుంది. వినడానికి బాగానే ఉంది. ఒట్టు వేసిన మాట నిజమే, జనవరి 1 పేజీలో ఉంది కూడా. కాని మార్చిలో ఒకచోట ‘కి. 5 లీ. కార్డు మీద’ అని కనిపిస్తోంది. కిళ్ళీలు లీటర్లలో రావు, రేషను కార్డు మీద అసలే రావు. గ్రంథంలో ఒక మాట పదేపదే ఎక్కడ ఏ అర్థంలో వచ్చిందో చూసి తాత్పర్యం తేల్చమని మీమాంసకులు ఏనాడో చెప్పారు. కనుక కిరసనాయిలే. వత్తుల స్టవ్వు కోసం. ఆ ఒట్టు తర్వాత కిళ్ళీ సంగతి మూలకర్త ఎక్కడా రాయలేదు. రాయకపోవడానికి కారణం ఆయన జేబులో సున్నం మరకలు ఉతికిన మా అమ్మకు తెలుసు.

ఒట్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇక్కడే ఒక మాట. ఆ జనవరి 1 పేజీ ఒక్కటే డైరీ మొత్తంలో పూర్తి వాక్యాలతో ఉంది. తెల్లవారుజామున లేవడం, నడక, రోజుకో గీతా శ్లోకం, కిళ్ళీ మానడం, ఖర్చు తగ్గించడం, కోపం తగ్గించడం. అంతకు ముందు ఏడాది డైరీలోనూ మొదటి పేజీ అదే, తర్వాతి ఏడాదిదీ అదే. టీక అవసరం లేని రచన అది. చదివితే మా నాన్నగారి గురించి ఒక్క ముక్కా తెలియదు. వీధిలో ఏ తలుపు తట్టినా అవే ఒట్లు దొరుకుతాయి. పా. 1½ మాత్రం మా ఇంట్లో తప్ప దొరకదు.

‘చి. బా. 50 (ఫస్టు)’: మహా విచారం

అమ్మ వ్యాఖ్యానం: చి. బా. = చిన్న బావగారు. ఏభై రూపాయలు చేబదులు తీసుకున్నారు. ఫస్టు = ఫస్టు తారీఖున, జీతం రాగానే ఇచ్చేస్తామన్నారు.

చిన్నత్తయ్య వ్యాఖ్యానం: చి. = చిరంజీవి, శుభలేఖల్లో వేసినట్టు. బా. = బాబు. చిరంజీవి బాబు, అంటే ఆమె పెద్ద కొడుకు, ఆ వేసవిలోనే పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాడు. మేనమామ ముచ్చటపడి ఇచ్చిన బహుమతి ఏభై రూపాయలు.

ఆ చిన్న బావగారు ఈ చిన్నత్తయ్య భర్తేనని పాఠకులకు చెప్పాలి. వ్యాఖ్యాతకు గ్రంథంతో స్వప్రయోజనం ఉన్నప్పుడు ఏం జరుగుతుందో శైవ, వైష్ణవ భాష్యాలు చదివినవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా ఆమె వాదాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. బాబు ఆ ఏడే పాసయ్యాడు, ఫస్టు క్లాసే, మార్కుల జాబితా ఉంది. ‘చి.’ తర్వాత చుక్క, కాస్త ఎడం, తర్వాత ‘బా.’. చిన్న బావ అనదలిస్తే రెండూ కలిపి రాసేవాడు కదా అని ఆమె ప్రశ్న. ఇది లిపిశాస్త్ర సంబంధమైన ప్రశ్న, నాకు జవాబు తోచలేదు.

అమ్మ పక్షాన రెండు ఆధారాలున్నాయి. మొదటిది జూలై 1, బుధవారం పేజీ. అందులో ఉన్నదంతా ‘చి. బా. ?’. ఇచ్చేసిన బహుమతికి ప్రశ్నార్థకం ఎందుకు పడుతుంది? (బాబు ఏ కాలేజీలో చేరాడో అని ఆరా, అంటుంది చిన్నత్తయ్య.) రెండోది పాలు. మామూలు రోజుల్లో డైరీ పొడుగునా పా. 1. ఆ ఆదివారం ఒకటిన్నర. ఆ అరలీటరు ఎవరికి? ఇంటికి మనిషి వచ్చాడు, రెండు పూటలా కాఫీ తాగాడు. ఊరికే వచ్చిన మనిషి రెండు పూటలా ఉండడు, అడగడానికి నోరు రానివాడే ఉంటాడు. మా అమ్మ ఈ అరలీటరు మీద కట్టిన వాదం వింటే నవ్యన్యాయ పండితులు కూడా తల ఊపుతారు. చిన్నత్తయ్య అరలీటరును కాదనదు. పాయసానికి అంటుంది. బాబు పాసయ్యాడుగా.

ఇందులో చట్టం ఏమంటుంది అని అడిగేవాళ్ళుంటారు. 1991లో దొరికిన జైన్ సోదరుల హవాలా డైరీల్లో కూడా పేర్లు పొడి అక్షరాల్లోనే ఉన్నాయి, పక్కన అంకెలున్నాయి. ఆ ముచ్చట దేశమంతా విన్నదే. 1998లో సుప్రీంకోర్టు విడి కాగితాలు ఖాతా పుస్తకం కిందికి రావంది. పుస్తకమే అయినా, ఒకరు తమ పుస్తకంలో రాసుకున్నంత మాత్రాన ఎదుటివారి మీద బాధ్యత పడదు, దాన్ని బలపరిచే వేరే సాక్ష్యం కావాలని తేల్చింది. వేరే సాక్ష్యం పాలేనని అమ్మ అంటుంది. అదీగాక చేబదులుకు గడువు పెట్టుకుంటే ఆ గడువు నుంచి మూడేళ్ళలో దావా వెయ్యాలి. ఆ లెక్కన 1990 జూలైతో ఈ ఏభైకి కాలదోషం పట్టింది. వాదానికి మాత్రం పట్టలేదు.

‘రామా. – కరెం. పో.’

రామానంద్ సాగర్ రామాయణం దూరదర్శన్‌లో 1987 జనవరి 25న మొదలైంది, ఆదివారం పొద్దున. తేదీ తెలియనివాళ్ళకు మా డైరీ చెబుతుంది. ఆ ఆదివారం నుంచి ప్రతి ఆదివారం పేజీలోనూ ‘రామా.’ ఉంది. టీవీ ఎదురింటివాళ్ళది. హిందీ మా వీధిలో ఎవరికీ రాదు, కథ అందరికీ వచ్చు, కాబట్టి లోటు లేదు. ఇందులో రసం కరుణమా విప్రలంభమా అని సందేహం. మళ్ళీ కలుస్తారన్న ఆశ ఉంటే విప్రలంభం, లేకపోతే కరుణం. కరెంటు తిరిగి వచ్చింది కాబట్టి విప్రలంభమే. సీరియల్ అయిపోయాక వచ్చింది కాబట్టి కొంత కరుణం కూడా.

గీత (–) గురించి. రామా.కీ కరెం.కీ మధ్య నాన్నగారు పెట్టిన ఆ చిన్న అడ్డగీతలో ఎదురింటి వరండాలో కిక్కిరిసి కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి ‘అయ్యో’ అన్న కేక ఉందని మా అమ్మ సిద్ధాంతం. ధ్వని అంటే ఇదే.

‘వా. లే.’

మృగశిర కార్తె వచ్చి వారం కావస్తోంది, వాన లేదు. అర్థం ఇంతే. అయితే ఈ రెండక్షరాలు జూన్‌లో ఆగలేదు. జూలై పేజీల్లో ఉన్నాయి, ఆగస్టులో ఉన్నాయి. ఆ ఏడు నైరుతి రుతుపవనాలు దేశం మొత్తం మీద మామూలు కంటే సుమారు 19 శాతం తక్కువ కురిశాయి. పెద్ద కరువు ఏళ్ళ లెక్క తీసినప్పుడల్లా 1987 పేరు వస్తుంది. ఆ 19 శాతం ఒక ఇంట్లో ఎలా కనిపించిందో వాతావరణ శాఖ పట్టికలో ఉండదు. జూలై సగానికి వచ్చేసరికి నాన్నగారు ‘వా.’ రాయడం కూడా మానేశారు. పేజీ చివర ఒట్టి ‘లే.’ ఉంటుంది. ఏది లేదో చెప్పక్కర్లేనంతగా అందరికీ తెలిసిపోయింది.

ఆక్షేప సమాధానం

ఆక్షేపం: మహానుభావుల డైరీలు దాస్తారు గాని, పాలూ కిరసనాయిలూ దాచి ఏం చేసుకుంటారు?

సమాధానం: మహానుభావుల డైరీల్లో ఉన్నదీ అదే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, మరుసటేడు సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. కాశీకి వెళ్ళిన పుణ్యం ఆయనది. మనకు మిగిలింది మాత్రం దారి పొడుగునా ఏ ఊళ్ళో దిగాడు, అక్కడ సామాన్లు దొరుకుతాయా, నీళ్ళెలాంటివి, ఏరు ఎలా దాటాలి అని రాసుకున్న రాత. పుదుచ్చేరిలో డూప్లే దొర దుబాసీ ఆనందరంగ పిళ్ళె సంగతి ఇంకా విచిత్రం. కస్తూరి రంగకవి ఆయన పేరు మీద తెలుగులో ఒక ఛందోగ్రంథమే రాశాడు, ఆనందరంగరాట్ఛందము. పిళ్ళె మాత్రం 1736 నుంచి పాతికేళ్ళు తమిళంలో దినచర్య రాసుకున్నాడు. ఎవరెవర్ని కలిశాడు, ఎవరేమన్నారు, ఏ ఓడ వచ్చింది, సరుకు ఏ ధర పలికింది అని. పొగిడిన పుస్తకం ఇవాళ లక్షణ గ్రంథాల మీద పనిచేసేవాళ్ళు తీస్తారు. ఆ దినచర్య ఇంగ్లీషులో 12 సంపుటాలై, ఆ కాలం చరిత్ర రాసే ప్రతివాడి బల్ల మీదా ఉంటుంది. నా తీర్పు అడిగితే, మనిషి గొప్పకోసం రాయించుకున్నది ఒక తరం ఉంటుంది, మర్చిపోకుండా రాసుకున్నది పది తరాలుంటుంది.

ఆక్షేపం: ఇప్పుడు ఫోన్లో అన్నీ ఉంటున్నాయిగా?

సమాధానం: ఉంటాయి. పని అయిపోయిందని వేలితో పక్కకు నెట్టేదాకా ఉంటాయి.

అచ్చు పేజీల గురించి

డైరీ ముందు భాగంలో నాన్నగారి చేతిరాత లేని పేజీలు కొన్ని ఉన్నాయి. ఊళ్ళ మధ్య దూరాలు, ఎస్టీడీ కోడ్‌లు, రక్తం గ్రూపు రాసుకునే గీత (ఖాళీ), తంతి శుభాకాంక్షలకు అంకెల జాబితా. అంకె చెబితే చాలు, దీపావళి శుభాకాంక్షలో పెళ్ళి దీవెనో అవతలి ఊళ్ళో వాక్యమై దిగేది. సూత్రశైలిని తపాలా శాఖ కూడా మెచ్చిందన్నమాట. తంతి సేవ 2013 జూలైలో ఆగిపోయింది.

తాత్పర్యం

ఆదివారం పాలు అరలీటరు ఎక్కువ పోయించుకున్నారు, కిరసనాయిలు దొరకలేదు, ఏభై రూపాయలు చేతులు మారాయి, టీవీలో రామాయణం మధ్యలో కరెంటు పోయింది, వాన కురవలేదు.

ఫలశ్రుతి స్థానంలో ఒక విన్నపం

మీ ఇంట్లో ఇలాంటి డైరీ ఉంటే కిలో లెక్కన పాత పేపర్లవాడికి వెయ్యకండి. అంతకంటె ముఖ్యం, ఆ పొడి అక్షరాలు విప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఉండగానే పక్కన కూర్చుని చదివించుకోండి. ఇద్దరుంటే ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టండి. వాళ్ళు చెప్పింది ఆ పేజీలోనే అంచున, తేదీ వేసి, పెన్సిల్‌తో రాయండి. సిరాతో వద్దు, మూలం మీద చెయ్యి పడుతుంది.

ఖాళీ పేజీలున్న డైరీలకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. వారాలూ తేదీలూ తిరిగి కలిసే ఏళ్ళుంటాయి. 1987లో ఏ తేదీకి ఏ వారమో 2026లోనూ అదే. తేడా ఒక్కటే, అది ప్రభవ, ఇది పరాభవ. వచ్చే 2027కు 1999, 2010, 2021 డైరీలు సరిపోతాయి. తిథులూ పండగలూ మాత్రం కలవవు, అవి కొత్త పంచాంగం చూసి దిద్దుకోవాలి.