ఆ కాగితంపై సంతకం పెట్టకు

సూరత్ అడాజన్‌లో పుట్టింటికి బిడ్డతో వచ్చేసిన అమ్మాయికి సలహాలు చెప్పనివాళ్లుండరు. అందరూ ప్రేమతోనే చెబుతారు. కానీ వాటిని పట్టుకుని నడిస్తే బిడ్డ పాలడబ్బులకే ఎసరు వస్తుంది.

"కులపెద్దల ముందు కూర్చుని, ఇద్దరం ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నామని రాసుకోండి, గొడవ వదిలిపోతుంది." అన్నిటికన్నా ప్రమాదం ఈ సలహాతోనే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 సెక్షన్ అయినా, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144 సెక్షన్ అయినా, పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకు భరణం రాదనే అంటాయి. నిన్ను కొట్టి గెంటేసినా సరే, రేపు అతని వకీలు జడ్జి ముందు పెట్టేది ఆ కాగితమే. పెద్దల దగ్గరికి వెళ్లొద్దనను తల్లీ. లింబాయత్, ఉధనా మగ్గాల బస్తీల్లో మన తెలుగువాళ్లకు కష్టంలో మొదట గుర్తొచ్చేది వాళ్లే. రాయాల్సివస్తే ఎందుకు బయటికి రావాల్సివచ్చిందో అది రాయించు. బిడ్డ హక్కుకు మాత్రం ఈ అడ్డు లేదు.

"చీరలకు స్టోన్లు అంటించి సంపాదిస్తున్నావుగా, నీకు భరణమెవరిస్తారు?" ఇదీ తప్పే. ఆ సంపాదనతో భర్త ఇంట్లో బతికినట్టు బతకగలవా అని కోర్టు చూస్తుంది. అలాగని దాన్ని దాచకు. 2020 నాటి రజ్నేష్–నేహా తీర్పులో సుప్రీంకోర్టు ఇద్దరినీ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చెప్పమంది. నీ అబద్ధం బయటపడితే అతని అబద్ధాన్ని నువ్వు నిలదీయలేవు.

"విడాకులు తేలాక అడగొచ్చులే." కేసు తేలేదాకా తిండికీ స్కూలు ఫీజుకీ ఆసరాగానే మధ్యంతర భరణం పెట్టారు. నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టంలోనే ఉంది. అదే 2020 తీర్పు ప్రకారం లెక్క దరఖాస్తు వేసిన రోజు నుంచి మొదలవుతుంది. అంటే ఎదురుచూసిన ప్రతి నెలా నీకు పోయినట్టే.

పెళ్లి కరీంనగర్‌లో జరిగింది కాబట్టి అక్కడే వేయాలనీ అంటారు. అక్కర్లేదు, నువ్వుంటున్నది ఇక్కడే కాబట్టి సూరత్‌లోనే వేయొచ్చు. ఆర్డరు వచ్చాక అతను ఇవ్వకపోతే, "ఎక్కడికి పోతాడు, ఇస్తాడులే" అని కూర్చోకు. బాకీపడిన తేదీ నుంచి ఏడాదిలోపు అడగకపోతే ఆ సొమ్ముకు వారంటు రాదు.

వకీలుకు డబ్బుల్లేవని ఆగిపోకు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసహాయం ఉచితం. నంబరు 15100. ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే ఫోన్ చెయ్యి.