టోనరు కొనబోయే వారికి ఒక పద్యం (టీకా తాత్పర్య సహితం)

తే.గీ.
చుక్క పదెపదే పడుచున్న చోటుఁ గొలిచి
గీత నిలువుగ దిగినచోఁ గిటికిఁ దుడిచి
పొడియు వేలికి నంటినన్ ఫ్యూజ రరసి
పిదప టోనరుఁ గొనుమయ్య బీదనరుఁడ!

టీక: బీదనరుఁడ = ఓ కలర్ లేజర్ ప్రింటరు యజమానీ!; చోటున్ = మచ్చకూ మచ్చకూ నడుమ దూరాన్ని; గీత = తెల్లగీత ('తెల్ల' అధ్యాహారం); కిటికిన్ = లేజర్ కాంతి బయటికి వచ్చే గాజుపలకను; ఫ్యూజరు = పొడిని కాగితానికి కరిగించి అంటించే వేడి రోలర్ల జతను; అరసి = పరీక్షించి; పిదప = ఇవన్నీ అయ్యాక మాత్రమే.

తాత్పర్యం: అచ్చు చెడగానే టోనరును నిందించకు. దోషం ఏ భాగానిదో కాగితమే చెబుతుంది.

విశేషాలు: లోపల తిరిగేవి చాలావరకు రోలర్లే. ఒకదానిపై గాటు పడితే, అది ఒక చుట్టు తిరిగినప్పుడల్లా కాగితంపై మచ్చ పడుతుంది. కనుక మచ్చల ఎడమే రోలరు చుట్టుకొలత. 24 మిల్లీమీటర్ల వ్యాసం గల డ్రమ్ముకు ఎడం సుమారు 75 మిల్లీమీటర్లు, 30 అయితే 94. ఏ ఎడం ఏ రోలరుదో సర్వీసు మాన్యువల్లో పట్టిక ఉంటుంది. మచ్చ ఒక్క ఎరుపులోనే ఉంటే మెజెంటా డ్రమ్మును అనుమానించాలి. స్కేలు చేతబట్టని మెకానిక్కు మాట నమ్మరాదని ఈ వ్యాఖ్యాత మతం.

గాజుపై దుమ్ము కూర్చుంటే ఆ మేర కాంతి డ్రమ్మును చేరదు. కాంతి సోకని చోట పొడి అంటదు, కాగితం తెల్లగా మిగులుతుంది. పూర్వపక్షం: టోనరు అయిపోయినా తెల్లబారుతుంది కదా? సమాధానం: అప్పుడు వెడల్పుగా, అంచు తెలియకుండా వెలిసిపోతుంది. దుమ్ము గీత సన్నగా, తిన్నగా ఉంటుంది.

మూడవ పాదంలో 'అరసి' అన్నాడే గాని 'మార్చి' అనలేదు, గమనించాలి. శుభలేఖల మందపు అట్ట పెట్టి, సెట్టింగులో మామూలు కాగితమని వదిలేస్తే చాలినంత వేడి తగలక పొడి రాలుతుంది. అక్కడ ఫ్యూజరు నిరపరాధి. వేలికంటిన పొడిని చన్నీళ్లతోనే కడగాలి.

'బీదనరుఁడ' అన్న సంబోధన భావికాలంకారం. జరగబోయేదాన్ని కళ్లెదుటే జరుగుతున్నట్టు చెప్పడం. నాలుగు రంగుల టోనర్లూ ఒక్కసారే కొంటే, చాలా చిన్న ప్రింటర్ల విషయంలో ఖర్చు ప్రింటరు ధరను అందుకుంటుంది. కొన్నిటికి దాటుతుంది కూడా.