నా వీపున స్కేలు

నన్ను చూసినవాళ్లు ముందు నవ్వుతారు. మూరెడు చెక్క, మీద రెండు గీతలు. ఇదా సైకాలజీ ల్యాబు సామాను అని. ఒక గీతకు రెండు చివర్లా బాణం మొనలు, రెండోదానికి అవే మొనలు తిరగబడి బయటికి విచ్చుకుని ఉంటాయి. రెండోది జరిగే పట్టీ మీద ఉంటుంది. రెండూ సమానమనిపించేదాకా దాన్ని జరపాలి. విచ్చుకున్న మొనల గీత ఉన్నదానికన్నా పొడుగ్గా కనబడుతుంది కాబట్టి దాదాపు అందరూ దాన్ని పొట్టిగానే ఆపేస్తారు. ఎంత పొట్టో నా వీపున మిల్లీమీటర్లలో తెలిసిపోతుంది. అది అటువైపు కూర్చున్నవాళ్లకే కనిపిస్తుంది.

1889లో ఈ భ్రమను లోకానికి చెప్పిన జర్మనీవాడు ఫ్రాంజ్ ముల్లర్-లయర్ పేరే నాకూ పెట్టారు. కాలేజీ బీరువాలో స్టాప్‌వాచీల పక్కన నా కాపురం. బీఎస్సీ సైకాలజీ చదివే తెలుగమ్మాయి ఒకతి రిజిస్టరులో సంతకం పెట్టి, చెన్నై మెట్రోలో ఒడిలో పెట్టుకుని తిరువొత్తియూరు తేరడి దాకా తీసుకెళ్లింది.

ఆమె తేల్చుకోవాలనుకున్న ప్రశ్నకు మూలం డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ అనే ఇంగ్లీషు పరిశోధకుడు. 1898లో టోరెస్ జలసంధి దీవుల్లోనూ, ఆ తర్వాత మన నీలగిరుల్లో తోడా తెగవాళ్ల దగ్గరా ఈ గీతలు చూపించాడాయన. అడవి మనుషులే ఎక్కువ మోసపోతారని ఆనాటి దొరల ధీమా. తోడాలు ఇంగ్లీషువాళ్లకన్నా తక్కువ మోసపోయారు! 1966లో సెగాల్, క్యాంప్‌బెల్, హెర్స్‌కోవిట్స్ దీనికి కారణం చెప్పబోయారు. గోడలూ మూలలూ బల్లల మధ్య పెరిగిన కళ్లకే ఈ భ్రమ ఎక్కువన్నారు. ఆ తగాదా ఇంకా తెగలేదు. అందుకే మా సముద్రపొడ్డు జాలరులనూ, ఫ్యాక్టరీల్లో బతికినవాళ్లనూ పోల్చి చూద్దామనుకుంది పిల్ల.

కాలేజీలో పాఠం చెప్పే మేడమ్ ఒప్పుకోలేదు. “ఒకరిని ఎండలో వలల దగ్గర, ఒకరిని ట్యూబులైటు కింద కొలిస్తే, వచ్చిన తేడా బతుకుదా, వెలుతురుదా? వయసు మాటేమిటి? కంటిచూపు? ముందు ఒక్క మనిషిని సరిగ్గా కొలవడం నేర్చుకో.”

అందుకని ఇంట్లోవాళ్లతోనే మొదలుపెట్టింది. మొదట అవ్వ కూర్చుంది. పట్టీ కాస్త జరిపి, “సరిగ్గా పెట్టినానా పిల్లా?” అని మనవరాలి మొహంలోకి చూస్తుంది. ఆ మొహంలో చిన్న నవ్వు చాలు, అవ్వ చెయ్యి అటే పోతుంది. అప్పుడు నేను కొలిచేది కంటిని కాదు, ప్రేమను. అందుకే అమ్మాయి చూపు నా వీపు మీద నుంచి కదలకుండా కూర్చోవడం అలవాటు చేసుకుంది. సగం సార్లు పట్టీని బాగా పొడుగు నుంచి, సగం సార్లు బాగా పొట్టి నుంచి మొదలుపెట్టింది. మొదలైన చోటు కూడా చేతిని లాగుతుంది కదా! చేసేకొద్దీ భ్రమ కొంత తగ్గుతుంది కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత అన్నదీ రాసుకుంది.

తర్వాత తాతయ్య. విమ్కో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. జేబులోంచి అగ్గిపుల్ల తీసి, మొదటి గీత మీద పుల్లలుగా కొలిచి, రెండోదాన్ని అచ్చంగా అక్కడికే తెచ్చి ఆపాడు. తేడా సున్నా. అమ్మాయి ఆ అంకె కొట్టేసింది.

రికార్డు దిద్దుతూ మేడమ్ అడిగింది: “ఎందుకు కొట్టేశావు? పుల్ల వాడినందుకా, నువ్వనుకున్న అంకె రానందుకా? పుల్ల వాడొద్దని నీ సూచనల్లో ఎక్కడుంది?”

లేదు. ఆ రాత్రి సూచనల్లో ఒక వాక్యం చేరింది: వేళ్లతో గానీ వస్తువుతో గానీ కొలవకూడదు, కంటితోనే చూడాలి. కొట్టేసిన సున్నా కూడా కారణంతో సహా విడిగా రికార్డుకెక్కింది. తాతయ్యను మళ్లీ కూర్చోమంటే కూర్చోనన్నాడు. బలవంతం చేయడానికి లేదు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చని సమ్మతి పత్రంలో ఆ పిల్లే రాసింది.