కొత్త ఫ్రీలాన్సరు

ఏ సంస్థలోనూ ఉద్యోగిగా చేరక, పనికింత అని మాట్లాడుకొని పలువురికి పనిచేసిపెట్టే వృత్తినిపుణుణ్ణి ఫ్రీలాన్సరు అంటారు. ఈ వర్గంలో గ్రాఫిక్ డిజైన్ నేర్చి, వాయిదాల మీద లాప్‌టాప్ కొని, తొలి క్లయింటు, అనగా డబ్బిచ్చి పని చేయించుకొనే మనిషి, ఇంకా తారసపడని హైదరాబాదు యువకుడు ప్రత్యేక పరిశీలనకు అర్హుడు. పని రాకమునుపే ఇతడి విజిటింగ్ కార్డు మీద ఫౌండర్, క్రియేటివ్ డైరెక్టర్ అన్న హోదాలు రెండూ వెలుస్తాయి. మిగిలిన సిబ్బంది అంటే వేళకు కాఫీ అందించే తల్లి ఒక్కతే.

ఇతడి ప్రధాన వ్యాపకం పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనుల నమూనాల సంపుటి. చేసిన పనులు లేవు గనుక దీనిని ఎవరూ అడగని పనులతో నింపవలసి వస్తుంది. అందుచేత పేరుమోసిన విమాన సంస్థల లోగోలను ఆ సంస్థలకు తెలియకుండానే సంస్కరించి, అడోబీ 2012లో కొనుగోలు చేసిన బిహాన్స్ అనే ప్రదర్శనా వేదికలో పెడతాడు. ఇక అప్‌వర్క్ వంటి ఆన్‌లైన్ అంగడిలో దరఖాస్తు పెట్టడానికే ‘కనెక్ట్స్’ అనే టోకెన్లు ఖర్చవుతాయి, అవి చాలకపోతే కొనుక్కోవాలి. పైగా రేటింగు లేనిదే పని రాదు, పని చేయనిదే రేటింగు రాదు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదన్న సామెత ఈ వృత్తికి అక్షరాలా చెల్లుతుంది.

చివరకు తొలి క్లయింటు పెదనాన్న రూపంలో దిగుతాడు. గృహప్రవేశానికి ఫ్లెక్సీ కావాలి, “నీకు అయిదు నిమిషాల పనే కదరా” అన్నదే ఒప్పందపత్రం. ఆ అయిదు నిమిషాలు వారం సాగుతాయి. అల్లుడి ఫోటో బావమరిది ఫోటో కన్నా చిన్నదైందని ఒక ఫోను, పెద్దత్త పేరు రెండో వరుసలో పడిందని మరో ఫోను వస్తుంటాయి, యూనికోడ్‌లో కొట్టిన తెలుగేమో ప్రింటింగ్ షాపులోని పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేరుకు ఎక్కదు, దానికి అను ఫాంట్లే కావాలి. షాపువాడికి చదరపు అడుగు లెక్కన రొక్కం ముడుతుంది, ఇతడికి భోజనంతో పాటు స్టీలు డబ్బా ముడుతుంది. ప్రభుత్వం వద్ద నమోదైన చిన్న సంస్థకు రావలసిన సొమ్మును 45 రోజులకు మించి ఆపరాదని 2006 నాటి చట్టం చెబుతున్నది గాని, దానిని పెదనాన్నల మీద ప్రయోగించిన దాఖలా లేదు.

విచిత్రమేమంటే, విమానాల లోగోలు చూసి ఒక్కరూ పిలవకపోయినా, గుమ్మం ముందరి ఆ ఫ్లెక్సీని చూసిన స్వీట్ల దుకాణం యజమాని ఎవరు వేశారని ఆరా తీసి, డబ్బిచ్చి బోర్డు వేయిస్తాడు. అయినా ఇతడు పోర్ట్‌ఫోలియోలో ఫ్లెక్సీని చేర్చడు, అది తన స్థాయికి తగదంటాడు. ఈ వర్గపు అసలు జబ్బు పని దొరకకపోవడం కాదు, దొరికిన పనిని దాచుకోవడం. ఇటువంటి కుర్రవాడు బంధువర్గంలో ఉన్న పాఠకులు ఫ్లెక్సీ అంచున అతడి ఫోను నంబరు వేసుకోనివ్వాలి, సగం సొమ్ము ముందే ఇవ్వాలి, ఎవరి ఫోటో ఎంత ఉండాలో ఇంట్లో తేల్చుకున్నాకే అతడిని పిలవాలి.