మాక్స్ భక్తురాలు

ఇంగ్లండ్‌లో ఏ ఊరి లైబ్రరీలోనైనా ఈవిడ తారసపడుతుంది. యాభై దాటిన వయసు, మెడలో వేలాడే కళ్లజోడు, సంచిలో జోడీ టేలర్ రాసిన 'క్రానికల్స్ ఆఫ్ సెయింట్ మేరీస్' నవల. "ఓహో, టైమ్ ట్రావెల్ కథలా?" అని నోరుజారారో, అయిపోయారే! అది టైమ్ ట్రావెల్ కాదు. చరిత్ర జరుగుతుండగా అక్కడికే వెళ్లి చేసే పరిశోధన. నవలల్లో ఆ పరిశోధన చేసే సంస్థే సెయింట్ మేరీస్. దాని అధిపతి డాక్టర్ బెయిర్‌స్టోకి టైమ్ ట్రావెల్ అన్న మాట గిట్టదు గనక ఈవిడకీ గిట్టదు. ఆయన కల్పిత పాత్ర కదా అంటే వినదు.

మొదటి నవల 2013లో వచ్చింది. కథానాయిక మాడలీన్ మాక్స్‌వెల్, అందరికీ మాక్స్. ఎర్రజుట్టు పిల్ల, నోటికి అదుపు లేదు, భయమన్నది అసలే లేదు. డైనోసార్ల కాలానికీ పోతుంది, తగలబడుతున్న అలెగ్జాండ్రియా గ్రంథాలయంలోకీ దూరుతుంది. ఒళ్లు హూనం చేసుకుని తిరిగొచ్చి టీ తాగుతుంది. సెయింట్ మేరీస్ వాళ్లు గతంలోకి ఎక్కివెళ్లే యంత్రం పేరు పాడ్. బయటికి మామూలు రాతి గుడిసె. లోపల కెటిల్, టాయిలెట్, ఎంత కడిగినా పోని క్యాబేజీ కంపు. మన కవులు మల్లెల్ని కూడా అంత మురిపెంగా వర్ణించి ఉండరు, ఈవిడ ఆ కంపును వర్ణించినట్టు.

ఈవిడతో కాంటర్‌బరీ కెథీడ్రల్ చూడ్డానికి వెళ్లాలంటే ఓపిక కావాలి. 1170 డిసెంబర్ 29న ఆర్చ్‌బిషప్ థామస్ బెకెట్‌ను నలుగురు నైట్లు నరికి చంపిన చోటది. రెండో నవలలో మాక్స్ బృందం ఆ హత్యను కళ్లారా చూస్తుంది. గైడ్ గొంతు తగ్గించి చెబుతుంటే అందరి చూపూ గోడమీది కత్తుల శిల్పం మీద ఉంటుంది. ఈవిడ మాత్రం మూలమూలలా వెతుకుతుంది.

"ఆ స్తంభం వెనకైతే పాడ్ ఎవరికీ కనపడదు కదూ?"

భర్త ఎప్పుడో దారికొచ్చేశాడు. "ఇరుకు. టాయిలెట్ తలుపు తెరుచుకోదు" అన్నాడు.

అలాగని ఈవిడది ఉత్త పిచ్చి కాదు. బళ్లో చరిత్ర పాఠానికి కునికిన మనిషే ఇప్పుడు 1415 నాటి అజింకోర్ట్ యుద్ధంలో ఫ్రెంచి వాళ్ల ఇనుప కవచాలు బురదలో ఎలా కూరుకుపోయాయో అడక్కపోయినా చెబుతుంది. నవలలో చదవగానే నమ్మేయదు, లావుపాటి చరిత్ర పుస్తకం తెచ్చి సరిచూస్తుంది. మూడో నవలలో జున్నుగడ్డ తగిలి స్పృహ తప్పే ఘట్టం ఒకటుంది. ఎవరైనా నవ్వి కొట్టిపారేస్తే ఊరుకోదు. గ్లోస్టర్ దగ్గర కూపర్స్ హిల్ మీంచి జున్నుచక్రం దొర్లించి, దాని వెనకే జనం పల్టీలు కొడుతూ పరిగెత్తే పోటీ ఇప్పటికీ జరుగుతోందనీ, కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకుంటున్నారనీ ఫోన్లో వీడియో పెట్టి మరీ చూపిస్తుంది.

పండగపూట ఈవిణ్ని నమ్ముకోకూడదు. సెయింట్ మేరీస్ చిన్నకథలు తరచూ క్రిస్మస్‌కే వస్తుంటాయి. వాటిలో ఒకటి 1066 క్రిస్మస్ రోజున వెస్ట్‌మినిస్టర్‌లో ఇంగ్లండ్ రాజుగా విలియం పట్టాభిషేకం గురించి. ఆయన తలమీదికి కిరీటం ఎక్కేలోపు ఇక్కడ ఓవెన్‌లో టర్కీ కోడి బొగ్గయిపోతుంది.

ఈమధ్య పక్కింటావిడకి మొదటి భాగం అంటగట్టింది.

"ఇదొక్కటేనా, ఇంకా ఉన్నాయా?"

"ముందు ఇది చదువు" అంటూ ఈవిడ వెనక్కి జరిగి, పుస్తకాల బీరువాకి అడ్డంగా నిలబడింది.