పదమూడో ఎక్కం: ఒక రోయింగ్ మెషీన్ ఆత్మకథ

నన్ను కొత్తగా చూసినవాళ్లు ముందు అడిగేది ఒకటే: "ఇదేంటి, దీనిమీద ఎటు తిరిగి కూర్చోవాలి?" పొడవాటి లోహపు పట్టా, దానిమీద ముందుకూ వెనక్కూ జారే చిన్న సీటు, ఎదురుగా పంజరంలో రెక్కల చక్రం, అందులోంచి వచ్చే గొలుసు, గొలుసు చివర చేతిపిడి. నా ఒళ్లంతా ఇంతే. హైదరాబాద్‌కి పడమటి వైపు ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, ట్రెడ్‌మిల్లుల వెనక మూలన ఉంటాను.

మాది చలిదేశం. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం. డిక్, పీట్ డ్రైసిగాకర్ అనే అన్నదమ్ములు మమ్మల్ని పుట్టించారు. ఇద్దరూ తెడ్డు పట్టినవాళ్లే. డిక్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పోటీపడ్డాడు. 1976లో కాన్సెప్ట్‌2 పేరుతో తెడ్ల తయారీ మొదలుపెట్టారు. అక్కడ చలికాలంలో నీళ్లు గడ్డకట్టి పడవ సాధన ఆగిపోతుంది. అందుకని ఒక పాత సైకిల్ని కొట్టం నేలకి మేకులతో బిగించి, దాని గొలుసు పట్టుకుని లాగి చూశారు. 1981లో మా ముత్తాత మోడల్ ఎ సైకిల్ చక్రంతోనే బయటికొచ్చాడు. నేను 2003లో మొదలైన మోడల్ డి తరంవాణ్ణి.

నాలో మోటారు లేదు, బరువుల దిమ్మలు లేవు. మీరు పిడి లాగితే చక్రం తిరుగుతుంది, రెక్కలు గాలిని తోస్తాయి, ఆ గాలే మీకు అడ్డం పడుతుంది. మెల్లగా లాగితే మెత్తగా ఉంటాను, విసురుగా లాగితే మొండికేస్తాను. పంజరం పక్కన 1 నుంచి 10 దాకా అంకెలున్న మీట ఉంది. దాన్ని డ్యాంపర్ అంటారు. లోపలికి ఎంత గాలి వెళ్లాలో అది చూసుకుంటుంది, అంతకు మించి దానికి పని లేదు. 10లో పెట్టినంత మాత్రాన ఎక్కువ వ్యాయామం చేసినట్టు కాదు. ఒక లాగుకీ ఇంకో లాగుకీ మధ్య చక్రం ఎంత త్వరగా నెమ్మదిస్తోందో కొలుచుకుని, ప్రతిసారీ లెక్క సరిచేసుకుంటాను. అందుకే వెర్మాంట్ చలిగాలైనా, హైదరాబాద్ వడగాలైనా, పంజరంలో కాస్త దుమ్ము పట్టినా నా తెరమీది అంకె అబద్ధమాడదు.

ఏడో అంతస్తు కుర్రాడికి ఈ సంగతులు పట్టేవి కావు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి పొద్దుపోయాక వచ్చేవాడు. వస్తూనే మీటను 10కి తోసేవాడు. నిమిషానికి ముప్ఫైకి పైగా లాగులు, అవీ కాళ్ల సంగతి మరిచిపోయి, చేతులతోనే. కాసేపటికే ఆయాసంతో వాలిపోయి, టవల్ నామీద ఆరేసి వెళ్లిపోయేవాడు. మళ్లీ వారం దాకా అయిపు ఉండేది కాదు.

నా రాత మారింది లెక్కల మాస్టారి వల్ల. జిల్లా పరిషత్ హైస్కూల్లో చేసి రిటైరై కొడుకు దగ్గరికి వచ్చారు. మోకాళ్ల నొప్పితో ట్రెడ్‌మిల్ మానేశారు. డాక్టరు గుండె పరీక్షలన్నీ చూసి, నామీద కూర్చోవచ్చన్నారు. జిమ్ ట్రైనర్ పద్ధతి చూపించాడు: వెనక్కి పోయేటప్పుడు కాళ్లతో తన్ను, తర్వాత నడుము, చివర్న చేతులు, తిరిగి వచ్చేటప్పుడు చేతులు, నడుము, కాళ్లు. "ఎటునుంచి చదివినా ఒకటేనన్నమాట" అని మాస్టారు మురిసిపోయారు. తన్నడానికి ఒక వంతు సమయం పడితే, తిరిగి రావడానికి రెండు వంతులు తీసుకోమన్నాడు ట్రైనర్. అలా చేస్తే నిమిషానికి పద్దెనిమిది, ఇరవై లాగులకి మించవు.

తర్వాత ఆయన నా లెక్క పట్టారు. 500 మీటర్లకు రెండున్నర నిమిషాలు పట్టే వేగంలో నేను 104 వాట్లు చూపిస్తాను. రెండు నిమిషాలు పట్టే వేగంలో సుమారు 203. వేగం పెరిగింది పావు వంతు, శ్రమ దాదాపు రెట్టింపు. మాస్టారు నోటు పుస్తకం తీసి, ఒకటింబావుని ఒకటింబావుతో హెచ్చవేసి, మళ్లీ ఒకటింబావుతో హెచ్చవేశారు. రెండుకి ఇసుమంత తక్కువ వచ్చింది. "ఓహో, ఘనం! తొందరపడితే ఇది చక్రవడ్డీ వసూలు చేస్తుంది" అని నవ్వుకున్నారు. ఆ రోజునుంచీ నా దగ్గర ఆయన అప్పు చేయలేదు.

మాట్లాడగలిగినంత వేగంలోనే లాగాలని డాక్టరు చెప్పారట. పక్కన మాట్లాడటానికి ఎవరూ లేరు కనక మాస్టారు ఎక్కాలు అందుకున్నారు. ఒక్కో లాగుకి ఒక్కో మెట్టు. "పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్లు ఇరవయ్యారు..." ఊపిరి తెగకుండా ఎక్కం సాగితే వేగం సరైనదే. మధ్యలో గుటక పడితే తగ్గించాలి. అరగంట, తర్వాత ముప్పావుగంట, అదే లయ. చూసేవాళ్లకి ఆయన ఏమీ చేయనట్టే ఉండేది. "అంకుల్, కాస్త గట్టిగా లాగండి" అని పక్కనుంచి సలహాలు వచ్చేవి. ఎక్కం మధ్యలో ఉన్నారు కనక మాస్టారు జవాబిచ్చేవారు కాదు.

ఆయన ఒంట్లో జరిగే పని నా తెరమీద కనబడదు. ఇలా నిలకడగా సాగే వ్యాయామంలో గుండె ప్రతి కొట్టుడుకీ నిండుగా రక్తం నింపుకుంటుంది. నెలల తరబడి అలా చేస్తే ఒక్కో కొట్టుడుకి పంపే రక్తం పెరుగుతుంది. కండరాల పోగుల చుట్టూ సన్నని రక్తనాళాలు కొత్తగా అల్లుకుంటాయి. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. ఒళ్లు కొవ్వును ఎక్కువగా వాడుకోవడం నేర్చుకుని, చక్కెర నిల్వని దాచుకుంటుంది. వీటన్నిటికీ కావలసింది గంటలు. రోజూ ప్రాణం పోయేలా లాగితే కాళ్లు బరువెక్కి మర్నాడు మంచం దిగబుద్ధి కాదు, గంటలు పోగుపడవు.

పందెగాళ్ల కథా ఇదే. నార్వే రోయర్ల మూడు దశాబ్దాల శిక్షణ లెక్కలు, 1970 నుంచి 2001 దాకావి, 2004లో ఒక పరిశోధన పత్రంలో వచ్చాయి. నెలకి తేలిక సాధన సుమారు 30 గంటల నుంచి 50కి పెరిగింది, పందెం వేగంతో చేసే సాధన 23 గంటల నుంచి 7కి పడిపోయింది. అదే కాలంలో వాళ్ల ఒళ్లు ప్రాణవాయువును వాడుకునే శక్తి 12 శాతం పెరిగింది. 2018లో ఆస్ట్రేలియా రోయర్ జోష్ డంక్లీ-స్మిత్ నాలాంటి మెషీన్ మీద 2000 మీటర్లు 5 నిమిషాల 35.8 సెకన్లలో ముగించాడు. అంత ఉరుకుల పందెంలోనూ ముప్పాతిక వంతుకి పైగా శక్తి ప్రాణవాయువుతో పుట్టేదే.

దసరాకి మొదలుపెట్టిన మాస్టారు, ఛాతీకి బెల్టు కట్టుకుని నాడి లెక్క కూడా రాసుకునేవారు. అప్పట్లో 500 మీటర్లకి ఆయనకి 2 నిమిషాల 50 సెకన్లు పట్టేది. ఉగాదికి, అదే నాడి వేగంలో, 2 నిమిషాల 40. పది సెకన్లేనా అంటారేమో! నా లెక్కలో 71 వాట్లు 85 అయ్యాయి. గుండె కష్టం పెరగకుండానే ఐదో వంతు ఎక్కువ పని. ఇక మే నెలలో ఏసీ పాడైనప్పుడు, అదే వేగానికి నాడి నిమిషనిమిషానికీ ఎగబాకింది. ఒంట్లో నీరు చెమటై పోతుంటే, చర్మానికి రక్తం మళ్లుతుంటే గుండె వేగం పెంచుకోక తప్పదు. మాస్టారు కంగారుపడలేదు. నీళ్ల సీసా దగ్గర పెట్టుకుని, నాడి మాట విని వేగం తగ్గించారు.

నోటు పుస్తకం చూశాక ఏడో అంతస్తు కుర్రాడు మెత్తబడ్డాడు. మీట 4కి దించాడు. తెలుగు ఎక్కాలు రావన్నాడు. ఇంగ్లీషులోనే చెప్పుకోమన్నారు మాస్టారు, ఊపిరికి భాషతో పనేముందని. పదమూడు ఏడుల దగ్గర వాడి గొంతు ఆగింది.

"తగ్గించు బాబూ."

"ఇంకా తగ్గిస్తే అందరూ నవ్వుతారు మాస్టారూ."

ట్రెడ్‌మిల్లుల మీంచి స్నేహితులు నిజంగానే చూస్తున్నారు. నా దగ్గరికి వచ్చి మానేసినవాళ్లలో ఎక్కువమందిని తరిమింది ఆయాసం కాదు, ఆ చూపులే. ఎవరూ మెచ్చుకోని వేగంలో, ఎదుటివాడి అంకె చూడకుండా, ముప్పావుగంట కూర్చోగలగడం కండబలం కంటే కష్టమైన విద్య.

"నవ్వనీ. ఆదివారం ఒక్కరోజు నీ ఇష్టం వచ్చినట్టు లాగు, నేనే టైము చూస్తాను" అన్నారు మాస్టారు. కుర్రాడి మొహం వెలిగింది. "సోమవారం మళ్లీ ఎక్కమే" అనేసరికి దిగాలుపడి, పదమూడు ఒకట్ల నుంచి మొదలుపెట్టాడు.